అడ్వాన్స్ మన డబ్బే – ఇల్లు ఖాళీ చేసేవారు తెలుసుకోవలసిన సంగతులు

మన హాస్టల్లో ఉన్నన్నాళ్లూ అద్దె అంటే ఏమిటో మనకు తెలియదు. ట్రంకుపెట్టె, దుప్పటి, ప్లేటు, గ్లాసు, ఇంతే మన సంసారం. సంవత్సరం చివర వాటి లెక్క వార్డెన్ సార్‌కు అప్పజెప్పి గేటు దాటితే మనం ఎవరికీ బాకీ లేము, మనకు ఎవరూ బాకీ లేరు. పై చదువులకో, ఉద్యోగ పరీక్షల కోచింగ్‌కో పట్నం వెళ్లాక మొదటిసారి టులెట్ బోర్డులు చూసుకుంటూ గల్లీ గల్లీ తిరుగుతాం. అడ్వాన్స్ అనే మాట అక్కడే మొదటిసారి వింటాం.

ఏ సిలబస్‌లోనూ లేని ఈ పాఠాన్ని మేము నలుగురం 18,000 రూపాయలు పణంగా పెట్టి నేర్చుకున్నాం. మన హాస్టల్ నుంచి ఏటా పట్నం వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని ఖర్చు లేకుండా నేర్చుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఇల్లు దొరికిన సంతోషంలో చేసిన తప్పు

అది 2024 జూలై. పీజీ పరీక్షలు అయిపోయి యూనివర్సిటీ హాస్టల్ గది అప్పజెప్పాం. ఉద్యోగ పరీక్షలకు చదువుకుందామని హైదరాబాదు విద్యానగర్ ప్రాంతంలో ఇల్లు వెతికాం. మొదటి రెండు ఇళ్లలో "బ్యాచిలర్స్‌కు ఇవ్వం" అన్నారు. మూడో ఇంట్లో అంతా మాట్లాడుకున్నాక "మీరేమిట్లు బాబూ?" అని అడిగారు. ఉన్నది ఉన్నట్లు చెప్పాం. "మా పెద్దబ్బాయిని అడిగి ఫోన్ చేస్తం" అన్నారు. ఆ ఫోన్ ఇంతవరకు రాలేదు.

ఇది మనకు కొత్త కాదు. అమెరికాలో చదివి వచ్చిన అంబేడ్కర్ 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరినప్పుడు ఆయనకు ఉండటానికి చోటు దొరకలేదు. ఒక పార్శీ సత్రంలో పేరు మార్చుకుని ఉండవలసి వచ్చింది. సంగతి తెలిసి కొందరు కర్రలతో వచ్చి ఆయనను అక్కడి నుంచి వెళ్లగొట్టారు. అంత చదువుకున్న మనిషికే తలదాచుకునే చోటు అంత కష్టమైంది.

నాలుగో ఇంటి యజమాని మా కులం అడగలేదు. రెండు గదులు, నెలకు 9,000 అద్దె, రెండు నెలల అడ్వాన్స్ 18,000 అన్నాడు. మాకు ప్రాణం లేచి వచ్చింది. 10,000 ఫోన్‌పేలో పంపాం. మిగతా 8,000 నగదుగా ఇచ్చాం. ఆ నగదు మాలో ఒకరి అమ్మ పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు. రసీదు అడగలేదు. అగ్రిమెంటు రాసుకుందామని కూడా అనలేదు. ఇల్లు ఇచ్చిన మనిషిని కాగితం అడిగితే బాగుండదని, అనుమానించినట్లు అవుతుందని ఊరుకున్నాం. అలా కృతజ్ఞతతో నోరు మూసుకోవడమే మేము చేసిన మొదటి తప్పు.

మాలో ఒకరు మాత్రం ఆ రాత్రి ఆయనకు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టారు. "అంకుల్, ఫోన్‌పే 10,000, క్యాష్ 8,000, మొత్తం 18,000 అడ్వాన్స్ ఇచ్చాము" అని. ఆయన "ఓకే" అని జవాబిచ్చాడు. ఆ "ఓకే" విలువ మాకు పది నెలల తర్వాత తెలిసింది.

ఖాళీ చేసిన రోజు లెక్క

2025 ఏప్రిల్ 30న చెప్పాం, మే 31న ఖాళీ చేస్తామని. నెల ముందే చెప్పాం కాబట్టి ఇబ్బంది ఉండదనుకున్నాం. సామాను ఆటో ఎక్కించి తాళం చెవి చేతికిచ్చాక ఆయన లెక్క చెప్పాడు.

పెయింటింగ్‌కు ఒక నెల అద్దె 9,000. పగిలిన వాష్‌బేసిన్‌కు 2,500. ఇల్లు కడిగించడానికి 1,500. నల్లా, స్విచ్చులకు 1,140. చివరి నెల కరెంటు బిల్లు 860. మొత్తం 15,000. ఇక మిగిలింది 3,000. అదీ "కొత్తోళ్లు దిగినంక ఇస్త" అన్నాడు. "పెయింటింగ్ అందరికీ అదే రూలు బాబూ, దిగేటప్పుడే చెప్పిన" అన్నాడు. నిజమే, ఇల్లు చూపిస్తూ ఆ మాట అన్నాడు, మాలో ఒకరు తల ఊపారు కూడా.

పదిరోజుల తర్వాత వెళ్తే మాట ఇంకా మారింది. "మీరిచ్చింది పదివేలే కదా" అన్నాడు.

ఆ రాత్రి మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. వదిలేద్దామని ఇద్దరం అన్నాం. ఊళ్లో మన నాన్నలు, తాతలు కూలి తక్కువిస్తే ఎన్నిసార్లు వదిలేశారో గుర్తుకొచ్చింది. వాళ్ల దగ్గర కాగితం లేదు, చదువు లేదు, అడిగితే రేపు పని ఉండదన్న భయం ఉంది. మన దగ్గర చదువు ఉంది. అయినా వదిలేస్తే ఆ చదువు దేనికి అనిపించింది. అంతకుమించి, ఆ 8,000కు ఊళ్లో అమ్మ నెలనెలా కిస్తీ కడుతూనే ఉంది.

చట్టం ఏమి చెబుతుంది?

మొదట అడ్వాన్స్ అంటే ఏమిటో తెలుసుకోవాలి. అద్దె ఎగ్గొట్టినా, ఇంటికి నష్టం చేసినా యజమానికి భరోసాగా ఉండటానికి ఇచ్చే డబ్బు అది. ఆయన దగ్గర ఉంటుంది గాని ఆయన సంపాదన కాదు. మనం నిజంగా బాకీ ఉన్నది మినహాయించుకుని మిగిలినది తిరిగి ఇవ్వాలి. "కొత్తోళ్లు దిగినంక" అనే మాట ఎందుకు వస్తుందంటే, చాలామంది యజమానులు అడ్వాన్స్‌ను ఇంటి ఖర్చులకు వాడేసుకుంటారు. పాతవారికి ఇవ్వడానికి కొత్తవారి అడ్వాన్స్ కోసం చూస్తారు. అది వారి ఇబ్బంది. దానికి మన డబ్బు ఆగవలసిన పనిలేదు.

రెండవది, పెయింటింగ్ సంగతి. ఆస్తి బదిలీ చట్టం 1882లో అద్దెకున్నవారి బాధ్యతలు 108వ సెక్షన్‌లో ఉన్నాయి. తీసుకున్నప్పుడు ఇల్లు ఎలా ఉందో అలాగే అప్పజెప్పాలి. అయితే మామూలు వాడకంలో కలిగే అరుగుదలకు మినహాయింపు ఉంది. గోడ రంగు వెలిసిపోవడం, నల్లా వాషరు అరగడం, స్విచ్చు వదులు కావడం మామూలు వాడకమే. మనం పగలగొట్టిన బేసిన్, గోడకు కొట్టిన మేకుల గుంతలు మాత్రం మన బాధ్యత. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఇంత కోసుకుంటాను" అని అగ్రిమెంటులో రాసి ఉంటే, దాని కింద మనం సంతకం పెడితే, తర్వాత వాదించడం కష్టం. సంతకానికి ముందే చదవాలి, బేరం ఆడాలి.

మూడవది, అద్దె నియంత్రణ చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన ఈ చట్టం ఒక నెల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదంది. నెల్లూరు జిల్లా గూడూరులోని మోడరన్ హోటల్ కేసు ఈ చట్టం కిందే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చట్టం ఒప్పుకున్నదానికన్నా ఎక్కువ సొమ్ము యజమాని దగ్గర ఉండగా అద్దె బకాయి పడ్డారన్న పేరుతో ఖాళీ చేయించకూడదని 1989లో కోర్టు చెప్పింది. అయితే 2005 సవరణ ప్రకారం కార్పొరేషన్లలో నెలకు 3,500, ఇతర ప్రాంతాల్లో 2,000 రూపాయలు మించిన అద్దె ఇళ్లు ఆ చట్టం కిందికి రావు. పట్నంలో మనకు దొరికే ఇళ్లు చాలావరకు ఆ పరిధి దాటినవే. ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే చట్టం చేసుకుంది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాస ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించకూడదని, ఇల్లు అప్పజెప్పినప్పుడే బాకీలు మినహాయించి తిరిగి ఇవ్వాలని ఉంది. అది నమూనా మాత్రమే. ఏ రాష్ట్రం చట్టంగా చేసుకుంటే అక్కడే వర్తిస్తుంది.

నాలుగవది, గడువు. ఇలాంటి డబ్బు కోసం దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది. "ఇస్త, ఇస్త" అంటూ తిప్పుతుంటే ఆ కాలం గడిచిపోతుంది.

మేము చేసిన పనులు

ఒకటి, ముందు మా తప్పు మేము లెక్కగట్టాం. బేసిన్ మా చేతిలోనే పగిలింది. శానిటరీ షాపులో అడిగితే బేసిన్ 1,400, బిగించడానికి 300, మొత్తం 1,700 అన్నారు. కరెంటు బిల్లు 860 మేము వాడుకున్నదే. అంటే 2,560 మేము ఇవ్వాలి. 18,000లో అది పోగా మాకు రావలసింది 15,440. మన తప్పు మనం ముందే ఒప్పుకుంటే మిగిలిన లెక్క గట్టిగా అడగవచ్చు.

రెండు, సాక్ష్యాలు ఒకచోట చేర్చాం. ఫోన్‌పే వివరాలు, నెలనెలా అద్దె పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ "ఓకే" మెసేజ్. స్క్రీన్‌షాట్‌లు తీసినా అసలు మెసేజ్ ఫోన్‌లోంచి తీసేయలేదు.

మూడు, ఉత్తరం రాశాం. ఫోన్‌లో వంద మాటలకన్నా కాగితం మీద పది వాక్యాలు మేలు. మేము రాసిన ఉత్తరం ఇలా ఉంది:

"గౌరవనీయులైన ఇంటి యజమాని గారికి, నమస్కారములు. మేము మీ ఇంట్లో 2024 జూలై నుంచి 2025 మే 31 వరకు నెలకు 9,000 రూపాయల అద్దెకు ఉన్నాము. అడ్వాన్స్‌గా ఫోన్‌పే ద్వారా 10,000, నగదుగా 8,000, మొత్తం 18,000 రూపాయలు ఇచ్చాము. నగదు అందినట్లు మీరు వాట్సాప్‌లో తెలిపారు. అద్దె బకాయి లేదు. వాష్‌బేసిన్‌కు 1,700, చివరి కరెంటు బిల్లుకు 860 మినహాయించుకోవడానికి మేము ఒప్పుకుంటున్నాము. పెయింటింగ్, శుభ్రం చేయించడం, నల్లా, స్విచ్చులు మామూలు వాడకం కిందికి వస్తాయి. కాబట్టి మిగిలిన 15,440 రూపాయలు ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఇవ్వగలరని కోరుతున్నాము. లేనిచో న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవలసి వస్తుందని తెలియజేస్తున్నాము. ఇట్లు, మీ ఇంట్లో అద్దెకున్న నలుగురం."

ఇందులో కోపం లేదు, బెదిరింపు లేదు. అంకెలు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి, గడువు ఉంది. 2025 జూన్ 20న రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకున్నాం. ఆ తర్వాత 2025లోనే రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది. ఇప్పుడు పంపేవారు స్పీడ్‌పోస్టులో పంపి, అందినట్లు రుజువు కూడా కావాలని కౌంటర్‌లో చెప్పాలి.

నాలుగు, గడువు దాటాక న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాం. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీ వారికి, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టుల ఆవరణలో ఈ కార్యాలయం ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. కేసు వేయకముందే రెండు పక్షాలనూ పిలిచి మాట్లాడించి లోక్ అదాలత్‌లో రాజీ చేసే పద్ధతి ఉంది. దానికి కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు.

చివరికి వచ్చింది ఎంత?

నోటీసు అందాక ఆయనే ఫోన్ చేశాడు. "ఇంత దూరం తీస్కపోతరనుకోలే" అన్నాడు. అయినా మేము బయట మాట్లాడుకోలేదు, పిలిచిన రోజుకు వెళ్లాం. మెసేజ్ చూపించాక పదివేలే ఇచ్చారన్న మాట మళ్లీ రాలేదు. పెయింటింగ్ విషయం మాత్రం తేలలేదు. దిగేటప్పుడు చెప్పానని ఆయన, కాగితం మీద లేదని మేము. ఆ రోజు మాలో ఒకరు తల ఊపిన సంగతి మేము దాచలేదు. చివరికి 13,000 దగ్గర ఇద్దరం ఒప్పుకున్నాం. అప్పటికప్పుడే ఫోన్‌లో పంపాడు.

15,440 రావలసిన చోట 13,000 వచ్చాయి. 2,440 పోయాయి. ఒక కాగితం రాసుకోనందుకు అది మేము కట్టిన ఫీజు. దిగిన రోజే అడ్వాన్స్ సగం ఖాయం అవుతుందని దీన్ని బట్టి తెలుసుకోవాలి.

దిగే రోజు చేయవలసినవి

1. అడ్వాన్స్ వీలైనంతవరకు బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. నగదు ఇస్తే రసీదు తీసుకోవాలి. రసీదు ఇవ్వకపోతే అదే రోజు మెసేజ్ పెట్టి జవాబు రప్పించుకోవాలి.

2. చిన్నదైనా అగ్రిమెంటు రాసుకోవాలి. సాధారణంగా 11 నెలలకు రాస్తారు. అద్దె, అడ్వాన్స్, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, పెయింటింగ్ ఎవరిది, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగి ఇవ్వాలి అనే ఐదు విషయాలు అందులో ఉండాలి.

3. దిగిన రోజే గోడలు, బేసిన్, నల్లాలు, తలుపులు, కరెంటు మీటరు రీడింగు వీడియో తీసి యజమానికి పంపాలి. ఖాళీ చేసేటప్పుడు మళ్లీ తీయాలి.

4. నలుగురు కలిసి ఉంటే ఎవరు ఎంత ఇచ్చారో రాసుకోవాలి. మధ్యలో ఒకరు వెళ్లిపోయి కొత్తవారు వస్తే ఆ లెక్క అప్పుడే తేల్చుకోవాలి. లేకపోతే యజమానితో కాదు, స్నేహితుల మధ్యే తగువు వస్తుంది.

ఖాళీ చేసే రోజు చేయకూడనివి

అడ్వాన్స్ ఇవ్వడేమోనని చివరి రెండు నెలలు అద్దె ఆపేయడం చాలామందికి అలవాటు. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అలా చేయాలి. లేకపోతే బకాయిదారు అన్న పేరు మనకు వస్తుంది. లెక్క తేలకుండా "అంతా ముట్టింది" అని రాసి ఇవ్వకూడదు. నలుగురు కలిసి వెళ్లి కేకలు వేయడం, వస్తువులు పగలగొట్టడం అసలే వద్దు. అంతవరకు మన వైపున్న న్యాయం ఆ క్షణంలో ఆయన వైపు పోతుంది.

డబ్బు ఇవ్వకపోవడం సివిల్ తగాదా, దానికి పోలీసులు చేయగలిగింది తక్కువ. సామాను లోపల పెట్టి తాళం వేసినా, కొట్టడానికి వచ్చినా పోలీసు స్టేషన్‌కు వెళ్లాలి. నలుగురిలో కులం పేరుతో దూషిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అడ్వాన్స్ ఇవ్వలేదన్న ఒక్క కారణానికి మాత్రం ఆ చట్టం పేరు ఎత్తకూడదు. మన రక్షణకు ఉన్నదాన్ని మనమే పలుచన చేసుకోకూడదు.

ప్రైవేటు హాస్టళ్లలో ఉండే చెల్లెళ్లకు ఒక మాట. అక్కడ అడ్వాన్స్‌లో "మెయింటెనెన్స్" పేరుతో ఎంతో కొంత కోస్తారు. ఎంత కోస్తారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో చేరినప్పుడే రసీదు మీద రాయించుకోవాలి. వారు డబ్బు తీసుకుని భోజనం, వసతి సేవలు ఇస్తున్నారు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే వీలుంది. అక్కడ 5 లక్షల లోపు ఫిర్యాదుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు.

ముగింపు

13,000 వచ్చిన రోజు ముందుగా 8,000 ఊరికి పంపాం. ఆ అమ్మ ఫోన్‌లో అడిగిన మొదటి మాట, "అడిగితే ఇచ్చిండా?" అని. నమ్మలేనట్లు రెండుసార్లు అడిగింది. అడిగితే తిరిగి వస్తుందన్న సంగతి ఆమె జీవితంలో ఎక్కువసార్లు చూడలేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఇల్లు అద్దెకు ఇవ్వడం ఎవరూ మన మీద చూపే దయ కాదు. మనం డబ్బు ఇస్తాం, వారు ఇల్లు ఇస్తారు. నెల ముందు చెప్పి, ఇల్లు ఊడ్చి, తాళం చేతికిచ్చి, లెక్క కాగితం మీద పెట్టి మర్యాదగా అడగండి. ఉత్తరం ఎలా రాయాలో తెలియకపోతే హాస్టల్ పూర్వ విద్యార్థులలో మేము ఉన్నాం, అడగండి. కలిసి రాద్దాం.